బీడు కౌలు

టార్చి ఆర్పెయ్యమంటాడు పెద్దాయన. వెలుతురు మీద పడితే గొర్రెలన్నీ ఒక్క మూలకి తోసుకుంటాయి, ఆ తొక్కిడిలో కింద పడ్డ పిల్ల మళ్ళీ లేవదు. ఆర్పేస్తే ఏమీ కనబడదు. ముందు వాసన తెలుస్తుంది: రాత్రంతా పడ్డ పెంట, మూత్రం, వెచ్చటి ఒళ్ళు. తర్వాత చప్పుళ్ళు. నెమరేస్తున్న దవడలు, ఎక్కడో ఒక దగ్గు, తల్లి పొదుగు కింద కుమ్ముతున్న పిల్ల మూలుగు. గాలి అటునుంచి తిరిగినప్పుడు ఎత్తిపోతల జలపాతం హోరు సన్నగా వినబడి ఆగిపోతుంది. మార్చి నెలాఖరు. చంద్రవంక వాగుకు సొంత నీళ్ళు లేని కాలమిది, పైన కాలువ నుంచి వదిలితేనే జలపాతానికి ధార.

మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు దిగి, నాపరాళ్ళు నిలువునా పాతిన కంచె వెంబడి లోపలికి వస్తే ఈ రెండెకరాలు. ఎర్రనేల కాదు, నల్లరేగడీ కాదు, రాయి కలిసిన చవక నేల. ఒక మూల అరెకరంలో బోరు కింద నేపియర్ గడ్డి, మిగతాదంతా బీడు. మధ్యలో గుంజలకు కట్టిన నైలాను వల, వల లోపల మంద. అందులో పదహారు మా బావమరిదివి: పదిహేను గొర్రెలు, ఒక పొట్టేలు. వీపు మీద నీలం రంగు పూసినవి ఆయనవి. మిగిలిన ఎనభై చిల్లర పెద్దాయనవి. వాటికి రంగు లేదు, చెవి కోత గుర్తు.

బావమరిది మాచర్లలో ఒక ఎరువుల కొట్టులో లెక్కలు రాస్తాడు. తొమ్మిదింటికి అక్కడ ఉండాలి. అందుకని అయిదింటికే ఇక్కడికి వస్తాడు, మళ్ళీ సాయంత్రం వస్తాడు. పేకాట లేదు, పందెం కోడి లేదు, ఇదొక్కటే సరదా అంటుంది వాళ్ళావిడ. ఆ మాటలో మెప్పు ఎంతో దెప్పు ఎంతో చెప్పడం కష్టం.

తూర్పు తెల్లబడగానే పెద్దాయన వల లోపలికి దిగుతాడు. ఏ గొర్రె మీదా పడడు, వాటి మధ్య నుంచి నడుస్తాడంతే. ఒకదాని వెనక కాలు అందుకుని, మోకాళ్ళ మధ్య ఇరికించి, బొటనవేలితో దాని కంటి కింది రెప్ప కిందికి లాగుతాడు. "ఇటు రా అబ్బయ్యా, చూడు." లోపలి పొర గులాబీ రంగులో తడిగా మెరుస్తుంది. "ఇది బాగుంది." వదిలేస్తాడు. ఇంకొకటి. దీని రెప్ప లోపల రంగే లేదు, పాలిపోయి ఉంది. "దీన్ని లోపల పురుగు తాగుతుంది. ఇయ్యాలే మందు పొయ్యాలి." దవడ కింద చెయ్యి పెట్టి తడుముతాడు. అక్కడ నీరు దిగితే రోగం ముదిరిందని లెక్క. నీరు లేదు. బావమరిది జేబులోంచి సుద్దముక్క తీసి దాని నుదుటి మీద గీత పెడతాడు.

కడుపులో చేరి రక్తం పీల్చే ఆ పురుగును కనిపెట్టడానికి దక్షిణాఫ్రికాలో పశువైద్యులు అయిదు రంగుల కార్డొకటి తయారు చేశారు. రెప్ప పక్కన కార్డు పట్టి ఏ రంగుకు సరిపోతుందో చూసి, పాలిపోయిన వాటికే మందు పోస్తారు. అన్నిటికీ పోస్తూ పోతే పురుగు మందుకు అలవాటు పడి చావడం మానేస్తుంది. పెద్దాయనకు కార్డు సంగతి తెలియదు. అన్నిటికీ ఒకేసారి పొయ్యొద్దన్న సంగతీ ఆయన ఒప్పుకోడు. రెండు వానలు పడ్డాక మంద మొత్తానికి నట్టల మందు పోయించాల్సిందే అంటాడు. ఈ ఒక్క విషయంలో బావమరిది కార్డు పక్షం.

వల ఒక వైపు ఎత్తుతారు. ముందుగా బయటికొచ్చేది పొట్టేలు. తెల్లటి ఒంటి మీద పెద్ద పెద్ద నల్లమచ్చలు, ఒక కన్ను మచ్చలో, ఒక కన్ను తెలుపులో. మెలి తిరిగిన కొమ్ములు, పొడుగు కాళ్ళు. ఇది మాచర్ల జాతి. 2023లో కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో దీన్ని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. అంతవరకూ కాగితాల మీద దీనికి చోటు లేదు. చూసినవాళ్ళు నెల్లూరు గొర్రె కిందే జమకట్టేవాళ్ళు. నెల్లూరులో తెల్లది పల్ల, మూతి మీదా కళ్ళ చుట్టూ నల్లమచ్చలున్నది జోడిపి, ఎర్రది దొర. ఈ మచ్చల గొర్రె ఆ మూడింట్లో దేనిలోనూ ఇమడదు. "మా నాయన కాలంలోనూ ఇదే గొర్రె. ఇప్పుడు పేరు పెట్టారంటగా," అంటాడు పెద్దాయన, మనవడికి యాభై ఏళ్ళకి బారసాల చేశారన్నట్టు. ఉన్నికి పనికిరాదు, ఒంటి మీద ఉండేది వెంట్రుకే. దక్కను నల్ల గొర్రెలా కత్తిరింపు పని ఉండదు. పక్కనే రెంటచింతల ఉందిగా, రాష్ట్రం మొత్తంలో ఎండలకు పేరుపడ్డ ఊరు. ఆ ఎండకు ఈ పొట్టి వెంట్రుకే మేలు.

గొర్రెలు కొన్న రోజు కూడా పెద్దాయన సంతకు వెంట వెళ్ళాడు. నోరు తెరిపించి చూడనిదే ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. గొర్రెకు ముందు పళ్ళు కింది దవడకే ఉంటాయి, ఎనిమిది. ఏడాది దాటాక మధ్యలో రెండు పాలపళ్ళు ఊడి వెడల్పు పళ్ళు వస్తాయి, తర్వాత ఏటా ఇంకో జత. రెండు పళ్ళవీ నాలుగు పళ్ళవీ తీసుకున్నారు. ఎనిమిదీ వచ్చి అరిగినవి చవగ్గా వస్తాయి గానీ అవి ఈ రాళ్ళ మధ్య గడ్డి కొరకలేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మోసపోయేది అక్కడే. ఒళ్ళు చూసి కొంటారు, పళ్ళు చూడరు. ఫోన్లో వీడియోలు చూసి నేలకు నాలుగడుగుల ఎత్తున ప్లాస్టిక్ పలకల షెడ్డు కట్టి, లోపలికి తోలాల్సిన గొర్రెలకు డబ్బు చాలక అక్కడే ఆగిపోయినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారు. గొర్రెకు రాత్రి పడుకోవడానికి పది చదరపు అడుగులు చాలు. ఇంకా పొడి నేల కావాలి, కుక్కలు రాకూడదు.

మంద బీడు దాటుతుంది. రెండెకరాల బీడు వందకు ఏ మూలకి? ఒక గొర్రెకు రోజుకు నాలుగైదు కిలోల పచ్చిమేత కావాలి. ఆ లెక్కన పదహారింటికి కూడా ఈ నేల చాలదు. కౌలుకు తీసుకునేటప్పుడు బావమరిది లెక్క వేరు. అరెకరం గడ్డి, మిగతాది మేపు, పదహారే కాబట్టి నెగ్గుకురావచ్చనుకున్నాడు. మొదటి వేసవికే గడ్డి నేలకు అంటుకుంది. అప్పుడే పెద్దాయనతో మాట కుదిరింది: నీ గొర్రెలు నా మందలో కలుపు, నేను తిప్పుతా, పుట్టిన పిల్లల్లో సగం నాకు. రాత్రికి మంద మొత్తం నీ బీట్లో పడుకుంటుంది. అంటే మేతంతా ఊరిది. కౌలు నేలకు దక్కేది పెంట మాత్రం.

అడవి వైపు పోనివ్వరు. అటు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం సరిహద్దు, లోపలికి తోలితే కేసు. చిరుత భయం కూడా అటే. ఇటు చూస్తే చేలు: పత్తి కట్టె పీకినవి, పీకనివి, కళ్ళాల మీద ఎర్రగా పరిచిన మిరప. మిరప కల్లం పక్క నుంచి పోయేటప్పుడు కళ్ళు మండి నీళ్ళు కారతాయి, గొర్రెలకు కాదు, మీకు. ఆకు ఉన్న పత్తి చేలోకి దింపే ముందు పెద్దాయన గట్టు మీద నిలబడి చేను రైతును కేకేసి అడుగుతాడు: "మందెప్పుడు కొట్టావు?" పది రోజులైందంటే దింపుతాడు. నిన్నో మొన్నో అంటే దారి మార్చేస్తాడు.

ఇంకో గట్టు దగ్గర మాత్రం ఎవర్నీ అడగడు. కర్ర అడ్డం పెట్టి, నోటితో గట్టిగా అదిలించి, మందను పరుగు పరుగున దాటిస్తాడు. మొన్న కోసిన జొన్న చేను. మోళ్ళ మొదట జానెడు పిలకలు, ఈ చుట్టుపక్కల అంత పచ్చగా ఇంకేదీ లేదు. నీలం రంగు గొర్రె ఒకటి తల అటు తిప్పుతుంది. కర్ర దాని మూతి ముందు నేలను కొడుతుంది. "నాము తగిలిద్ది. పిడికెడు మేసినా ఊరు చేరదు." నీళ్ళందక గిడసబారిన జొన్న పిలకలో విషం ఉంటుంది. కడుపులో సైనైడుగా విడిపోయి, ఊపిరాడక, నురగ కక్కి, నిమిషాల్లో పడిపోతాయి. డాక్టరు ఇంజెక్షను ఉంది గానీ ఆయన వచ్చేదాకా గొర్రె ఉండదు. కోసి బాగా ఎండబెట్టిన చొప్పకైతే ఆ భయం లేదు. బావమరిది కొట్టు లెక్కలన్నీ పుస్తకంలో ఉంటాయి. ఏ చేలో జొన్న ఎప్పుడు కోశారు, ఎవరి బోరు ఆగిపోయింది, ఎవరు మందు కొట్టారు అన్న లెక్కలు ఈయన తలలో ఉంటాయి. మంద బతికేది వీటి మీదే.

ఎనిమిది దాటాక బావమరిది బండి మీద మాచర్ల వెళ్ళిపోతాడు. మందతో మీరు ఉంటారు.

నీళ్ళ వేళకు మళ్ళీ ఒక తగువు. సాగర్ కుడికాలువ పిల్లకాలువ పక్కన తేమకు గడ్డి లేచింది, మంద దానికేసి లాగుతుంది. అక్కడ మేపనివ్వడు. ఆ నీళ్ళలో నత్తలుంటాయి. నత్తలున్నచోట గడ్డి మేస్తే కాలేయంలో జలగలు చేరతాయి, వానాకాలం వచ్చేసరికి గొర్రె ఎండిపోతుంది. నీళ్ళు తాగేదాకా ఆగి, మళ్ళీ మెట్టకు ఎక్కిస్తాడు. ఎత్తిపోతల కిందికైతే ఎటూ పోలేరు. చంద్రవంక వాగు, నక్కల వాగు, తుమ్మల వాగు కలిసి డెబ్భై అడుగుల పై నుంచి దూకే ఆ మడుగులో మొసళ్ళున్నాయి, అక్కడే మొసళ్ళ పెంపక కేంద్రం కూడా. దత్తాత్రేయుడి గుడికి వచ్చే లంబాడీ భక్తులు, పర్యాటక శాఖ వారి వ్యూపాయింటు దగ్గర ఫోన్లెత్తే కాలేజీ పిల్లలు, వాళ్ళ లోకం వేరు. ఒక కుర్రాడు రోడ్డు పక్కన కారాపి గొర్రెపిల్లను ఎత్తుకుని ఫొటో దిగుతానంటాడు. పెద్దాయన ఇస్తాడు. దిగాక, "తల్లి వాసన పడితేనే పాలిచ్చుద్ది బాబూ, చేతికి సెంటు కొట్టుకుని ఎత్తుకోమాక," అంటాడు.

పన్నెండింటికి వేపచెట్టు కింద మంద తలలు కలుపుకుని నిలబడుతుంది. ఒకదాని నీడలో ఒకటి మూతి దాస్తుంది. పెద్దాయన టిఫిను డబ్బా విప్పుతాడు. అన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ.

ఈ నేల మీద గడ్డికి డబ్బు కట్టడం కొత్త సంగతి కాదు. దాని మీద నెత్తురు కారడమూ కొత్త కాదు. కాటమరాజు కథ విననివాళ్ళు మందలు కాచే కుటుంబాల్లో ఉండరు. కరువుకు ఆవుల్ని తోలుకుని నెల్లూరు సీమకు పోయిన కాటమరాజుకూ, అక్కడి పాలకుడు నల్లసిద్ధికీ మేతకు కట్టే పుల్లరి దగ్గరే చెడింది. పంచలింగాల దగ్గర యుద్ధమైంది, నల్లసిద్ధి వైపు పోరాడిన ఖడ్గ తిక్కన అందులోనే పోయాడు. అది పాత కథ అనుకుంటే వందేళ్ళ కిందటిది ఈ గడ్డ మీదే ఉంది. తెల్లదొరల అటవీ శాఖ అడవిలో మేతకు పశువును లెక్కపెట్టి పుల్లరి వసూలు చేసింది. 1921లో పల్నాడు కట్టనంది. కాంగ్రెసు నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ ఇక్కడికొచ్చి అరెస్టయ్యాడు. మించాలపాడులో ఆ ఉద్యమం నడిపిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు చనిపోయాడు. కాటమరాజుదైనా కన్నెగంటిదైనా తగువు ఒకటే: గడ్డి ఎవరిది, ఎవరు ఎవరికి ఎంతివ్వాలి?

పెద్దాయన ఇంట్లో ఆ తగువుకు రెండో వైపు కూడా ఉండేది. "మా నాయన ఎవరికీ నేలకు డబ్బులిచ్చి ఎరగడు. రైతులే ఇచ్చేవాళ్ళు. మంద కట్టమని ఇంటికొచ్చి పిలిచేవాళ్ళు." కోతలయ్యాక, దుక్కికి ముందు, చేలో మందను రాత్రుళ్ళు పడుకోబెడితే పెంటా మూత్రమూ నేలకు పడతాయి. బండెడు ఎరువు తోలే పని లేదు. దానికి రాత్రికింతని ధాన్యమో డబ్బో, కాపలావాళ్ళకు అన్నమూ. యూరియా బస్తా ఇంటికొచ్చాక ఆ పిలుపులు తగ్గాయి, మళ్ళీ ఇప్పుడిప్పుడే మొదలయ్యాయి. నేల గట్టిబారింది. "మీ బావమరిది యూరియా అమ్మే కొట్టులో లెక్క రాసి, ఆ జీతం పెట్టి నేల కౌలుకు తీసుకుని, ఆ నేలకు ఊరకే పెంట వేస్తున్నాడు," అని డబ్బా మూత పెడతాడు. నవ్వడు.

కాగితం కూడా ఏమీ లేదు. పంట వేసే కౌలుదారుకైతే 2019 చట్టం కింద పంట సాగుదారు హక్కుల పత్రం దొరుకుతుంది, అదీ భూయజమాని సంతకం పెడితేనే, పదకొండు నెలలకే. గొర్రె పంట కాదు. బీడులో మంద పెట్టుకోవడానికి నోటిమాటే ఆధారం. ఉగాది నుంచి ఉగాదికి అని ఒక మాట, సాక్షిగా టీ కొట్టు.

2019 పశుగణనలో తెలంగాణకు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌కు 1.76 కోట్ల గొర్రెలు తేలాయి. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అంతకు ముందు, 2017లో, తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ ఒక యూనిట్ అని లెక్కగట్టి రాయితీ మీద పంచినప్పుడు ఇటు జిల్లాల సంతలన్నీ ఖాళీ అయ్యాయి. గొర్రెనిచ్చారు సరే, వాటి మేతకు నేల ఏదీ అని అప్పుడు అడిగినవాళ్ళు తక్కువ. పోరంబోకులు పట్టాలయ్యాయి, చెరువు శిఖాలు ప్లాట్లయ్యాయి, బీడు మీదికి బోరొచ్చింది. సరదాకు పదహారు పెట్టుకున్నవాడికైనా, కులవృత్తిగా ఎనభై ఉన్నవాడికైనా ఆ ప్రశ్న దగ్గరే కాలు ఆగుతుంది.

మూడింటికి మంద మళ్ళీ కదులుతుంది. దారిలో పత్తి కట్టె పీకేసిన చేను రైతు ఒకాయన గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి అడుగుతాడు. "బాబాయ్, మూడు రాత్రులు మా చేలో కట్టకూడదూ?"

"చూద్దాంలే. రాత్రికి ఎంతిస్తావు?"

"నువ్వు చెప్పు. శనగ పొట్టుంది, అదీ ఇస్తా."

పెద్దాయన అవుననడు, కాదనడు. శనగ పొట్టు మాట విన్నాక మాత్రం ఒక్క క్షణం నడక తగ్గిస్తాడు. ఈనిన గొర్రెలకు పాలు పడాలంటే ఈ రోజుల్లో అంతకు మించిన మేత లేదు.

బీడు చేరేసరికి పొద్దు వాలింది. బావమరిది అప్పటికే వచ్చి, నుదుటన సుద్ద గీతున్న గొర్రెను పట్టి మందు గొట్టం దాని నోటి పక్క నుంచి దింపుతున్నాడు, తల ఎక్కువ ఎత్తకుండా. ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మే నెలలో చిటుకు రోగం టీకా వేయించాలి, వానలు పడి లేతగడ్డి లేస్తే ఆ రోగానికి పొద్దున బాగున్నది మధ్యాహ్నానికి ఉండదు. పశువుల ఆసుపత్రిలో చెప్పి వచ్చానంటాడు. అంతలో స్కూటరు చప్పుడు. నేల ఆసామి.

దిగి, చెప్పు కాలితో మట్టి గీస్తాడు. పొడిగా విడిపోతుంది, నల్లగా. వంగి గుప్పెడు తీసి నలిపి చూస్తాడు. గొర్రెల వైపు చూడడు.

"నేల బాగా వచ్చిందయ్యా," అంటాడు బావమరిదితో. "ఉగాది దాటాక పత్తికి అడుగుతున్నారు ఒకళ్ళు. నువ్వే ఉంటానంటే నువ్వే ఉండు, నాకేం లేదు. రేటు మాత్రం పత్తి రేటు."

"బీడుగా ఇచ్చారు కదండీ నాకు."

"ఇచ్చినప్పుడు బీడే. ఇప్పుడు బీడా ఇది?"

బావమరిది దగ్గర జవాబు లేదు. మందు గొట్టం చేతిలోనే ఉంది. పెద్దాయన ఇద్దర్నీ దాటుకుని పోయి వల గుంజ ఒకటి ఊపి పైకి లాగుతాడు.

"ఆ వైపు వల చుట్టు అబ్బయ్యా. పొద్దుండగానే పత్తి చేలోకి మారుద్దాం. పొట్టు కూడా ఇస్తానన్నాడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఉగాది దాకా ఈ చేలో ఇంక మంద పడుకోదు."

ఆసామి స్కూటరు ఎక్కబోయి ఆగుతాడు. "అదేంది మావా, అట్టంటావు? కౌలు కట్టాడుగా, ఉంచుకోమను."

"కట్టింది నేలకి. పెంటకి నువ్వేం కట్టావు?" రెండో గుంజ ఊడుతుంది. "కావాలంటే నువ్వూ అడుగు. రాత్రికి రేటుంది."

ఆసామి చేతిలో మట్టి దులుపుకుంటాడు. మంద అప్పటికే విప్పిన వైపు నుంచి దారి పట్టింది, ముందు పొట్టేలు.

"నూరు గొర్రెలకి ఎంతంటావు?" అంటాడు చివరికి.